ఫార్వర్డ్ నొక్కే ముందు: పోరాటంలో సమ్మా వాచ



టోలిచౌకి, షేక్‌పేట, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఆదివారం వందన అయిపోయినంక నలుగురం కూర్చుంటే, ఈ మధ్య మన యువకులు ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. "అన్నా, అవతలోళ్లు పొద్దున లేస్తే అబద్ధాలే. బాబాసాహెబ్ మీద అబద్ధాలు, రిజర్వేషన్ల మీద అబద్ధాలు, మన పిల్లల మీద అబద్ధాలు. అవి లక్షల ఫోన్లకు పోతున్నయి. మనం శీలం శీలం అనుకుంటా ప్రతి ముక్కా సరిచూసుకుంటూ కూర్చుంటే ఎట్ల గెలుస్తం?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యొద్దు. అడిగేవాళ్లు అబద్ధం మీద ప్రేమతో అడగడం లేదు. అన్యాయానికి గురైనవాడు కూడా, అన్యాయం చేసేవాడితో సమానంగా శీల నియమానికి కట్టుబడాలా అని అడుగుతున్నారు. కట్టుబడాలంటే ఎందుకో చెప్పాలె. "బుద్ధుడు చెప్పిండు గనక" అంటే చాలదు. అట్ల ఒప్పుకోవద్దని చెప్పినవాడే బుద్ధుడు. అందుకే ఈ చిన్న పుస్తకంలో ఆ ప్రశ్నను మన ఊళ్లో, మన కళ్లముందు జరిగిన సంగతులతో పరీక్షిద్దాం.

మూకనాయక్ నుంచి మొబైల్ దాకా

మొదట ఒక మాట. ఫోను మనకు చిన్న వస్తువు కాదు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూకనాయక్' పత్రిక మొదలుపెట్టారు. సాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు దానికి ఆసరా. డబ్బులిస్తాం, మా పత్రిక ప్రకటన వేయండి అని అడిగినా 'కేసరి' వేయలేదు. 1927లో 'బహిష్కృత భారత్', 1930లో 'జనత', 1956లో 'ప్రబుద్ధ భారత్' వచ్చాయి. ఆ పేర్ల వరుస చూడండి. మూగవాళ్లు, వెలివేయబడినవాళ్లు, జనం, చివరికి మేల్కొన్నవాళ్లు. మన జాతి నడిచిన దారి ఆ నాలుగు పేర్లలోనే ఉంది. 1936లో లాహోర్‌లో 'కులనిర్మూలన' ఉపన్యాసం ఇవ్వనీయకపోతే, ఆయన తన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు.

మన తెలుగు నేల మీద హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. తర్వాతి తరంలో బొజ్జా తారకం 'నలుపు' తెచ్చారు. వీళ్లందరికీ కాగితం కరువు, పైసలు కరువు, ఊరి లైబ్రరీలో ఆ పత్రిక పెట్టనిచ్చేవాళ్లు కరువు. ఇయ్యాల ఆ కరువు లేదు. బస్తీలో పదో తరగతి చదివే ఆడపిల్ల కూడా తన గోడు ప్రపంచానికి వినిపించగలదు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. టీవీలు, పత్రికలు తేరుకునేలోపే అతని చివరి ఉత్తరం ఫోన్ల మీదుగా దేశమంతా పాకింది. ఎన్నో విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు బయటికొచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 14న రోహిత్ తల్లి, తమ్ముడు ముంబైలో బౌద్ధ దీక్ష తీసుకున్నారు. సోషల్ మీడియా లేని కాలంలో అయితే ఆ మరణం లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్తగా ముగిసిపోయేదేమో.

ఇక రెండో వైపు. రోహిత్ మీద సస్పెన్షన్‌కు దారి తీసిన గొడవ మొదలైంది కూడా 2015 ఆగస్టులో ఒక ఫేస్‌బుక్ పోస్టు దగ్గరే. అంబేడ్కర్ విద్యార్థులను గూండాలని రాసిన పోస్టు అది. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో చెలరేగిన గుంపు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టింది. ఆ గుంపును కూడగట్టడానికి వాట్సాప్ గ్రూపులు పనికొచ్చాయి. రోజుల తరబడి అక్కడ ఇంటర్నెట్ ఆపేయాల్సి వచ్చింది. అంటే ఈ పనిముట్టు మన పక్షం కాదు, వాళ్ల పక్షం కాదు. కొడవలి లాంటిది. పైరు కోస్తుంది, పట్టు తప్పితే చెయ్యి కూడా కోస్తుంది.

కంచ గచ్చిబౌలి నేర్పిన పాఠం

టోలిచౌకి ఫ్లైఓవర్ దిగి పాత ముంబై రోడ్డు పట్టుకుంటే, ట్రాఫిక్ లేకుంటే అరగంటలో సెంట్రల్ యూనివర్సిటీ గేటు దగ్గరుంటాం. దాన్ని ఆనుకొని కంచ గచ్చిబౌలి, సర్వే నెంబర్ 25లో 400 ఎకరాలు. ఎప్పుడో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు ఇచ్చి, 2006లో రద్దు చేసి, ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, 2024లో రాష్ట్ర ప్రభుత్వానిదేనని తేలిన భూమి. దాన్ని ఐటీ కంపెనీల కోసం అభివృద్ధి చేయాలని ప్రభుత్వం అనుకుంది. 2025 మార్చి 30, ఉగాది పండుగ రోజు జేసీబీలు దిగాయి. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు పట్టుకుపోయారు. విద్యార్థుల చేతిలో ఉన్న ఆయుధం ఫోనొక్కటే. రాత్రిపూట లైట్లు వేసుకొని చెట్లు కూలుస్తున్న యంత్రాలను వాళ్లు చిత్రీకరించి పెట్టారు. ఊరు కదిలింది.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయి, జస్టిస్ ఎ.జి. మసీహ్ ధర్మాసనం పనులన్నీ ఆపించింది. హైకోర్టు రిజిస్ట్రార్‌ను అదే రోజు ఆ స్థలానికి పంపి నివేదిక తెప్పించుకుంది. సుమారు వంద ఎకరాల్లో చెట్లు కూల్చేశారని, అక్కడ నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయని ఆ నివేదిక చెప్పింది. ఆ ధర్మాసనంలో ముందున్న గవాయి గారు బౌద్ధులు, అంబేడ్కర్ ఉద్యమ నాయకుడు ఆర్.ఎస్. గవాయి కుమారుడు. మరుసటి నెలలో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఇది మనకు సంతోషమే గానీ ఇక్కడ అసలు సంగతి అది కాదు.

అసలు సంగతి ఏమంటే, అదే రోజుల్లో ఏఐతో చేసిన బొమ్మలు కూడా ఫోన్లలో తిరిగాయి. నెమళ్లు ఏడుస్తున్నట్టు, జింకలు గాయపడి పారిపోతున్నట్టు. ప్రభుత్వానికి అదొక పట్టు దొరికినట్టయింది. నకిలీ వీడియోలతో ప్రజలను రెచ్చగొట్టారని ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. కేసులు పెట్టారు. జిబ్లీ శైలిలో గీసిన ఒక బొమ్మను పంచుకున్నందుకు సీనియర్ ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్‌కు కూడా గచ్చిబౌలి పోలీసులు నోటీసిచ్చారు. నాతో పాటు రెండు వేల మంది పంచుకున్నారు, అందరికీ ఇస్తారా అని ఆమె అడిగారు. అట్ల కొన్ని రోజుల పాటు చర్చ కూలిన చెట్ల మీది నుంచి గీసిన నెమళ్ల మీదికి మళ్లింది.

ఆలోచించండి. నెమళ్లు ఉన్నాయని కోర్టుకు వెళ్లిన నివేదికలోనే ఉంది. ఉన్న నెమలి ఉండగా లేని నెమలిని తయారుచేయాల్సిన అవసరం ఎవరికొచ్చింది? సత్యం సరిపోదని భయపడ్డవాళ్లకు. ఆ భయం వల్ల పోరాటానికి లాభం రాలేదు, ఎదుటివాడికి ఒక సాకు దొరికింది.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా చూడాలె. ధమ్మంలో కమ్మం అంటే చేతన, అంటే ఉద్దేశం. బొమ్మను బొమ్మగానే చూపితే అది కళ. ఏడ్చే జింకను చిత్రకారుడు గీయొచ్చు, చూసేవాడికి అది బొమ్మ అని తెలుసు. అదే జింకను "ఇందాకనే తీసిన ఫోటో" అని నమ్మిస్తే అది ముసావాదం. అట్లని తప్పు బొమ్మను సాకుగా పెట్టుకొని నోళ్లు మూయించడం కూడా మనం ఒప్పుకునేది కాదు. అదే 2025 మార్చిలో, ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున అరెస్టు చేశారు. 2015లో సుప్రీంకోర్టు 66ఎ సెక్షన్ కొట్టేసింది ఇట్లాంటి పనులు జరగకూడదనే. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కూడా, రాజకీయ విమర్శ పోస్టుల మీద ఇష్టమొచ్చినట్టు ఎఫ్ఐఆర్‌లు కట్టొద్దని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. రాజ్యం పెట్టే భయం వేరు, మనకు మనం పెట్టుకునే శీలం వేరు. మొదటిదాన్ని ఎదిరిస్తాం, రెండోదాన్ని కాపాడుకుంటాం.

పట్టికలో లేని గడి

మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడి సుత్తం ఉంది. ఏ మాట మాట్లాడాలి, ఏది మాట్లాడకూడదు అని బుద్ధుడు అందులో విడమరిచి చెప్తాడు. అబద్ధమైనది, మేలు చేయనిది పలకడు. అది వినేవాళ్లకు ఇంపుగా ఉన్నా పలకడు. నిజమే అయినా మేలు లేనిది పలకడు. నిజమూ, మేలూ ఉన్నదాన్ని, అది ఇంపుగా ఉన్నా చేదుగా ఉన్నా, సమయం చూసి పలుకుతాడు. ఇప్పుడు గమనించండి. "అబద్ధమే, కానీ మేలు చేసేది" అనే గడి ఆ పట్టికలో అసలు లేదు. బుద్ధుడు మరిచిపోయి వదిలేసిండనుకోవద్దు. అబద్ధంతో కట్టిన మేలు నిలవదని ఆ ఖాళీ గడే చెప్తున్నది.

మన యువకుల ప్రశ్నకు ఇక్కడ మొదటి జవాబు దొరుకుతుంది. బలవంతుడి అబద్ధం, బలహీనుడి అబద్ధం సమానం కాదు. బలవంతుడి అబద్ధం బయటపడితే ఏం పోతుంది? అతని వెనక పైసలున్నయి, చానళ్లున్నయి, అధికారముంది. రేపు ఇంకో అబద్ధం చెప్తాడు. మన మాట వెనక ఏముంది? నమ్మకం ఒక్కటే. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పెట్టే కేసులన్నీ దొంగ కేసులని చెప్పడానికి ఎప్పటి నుంచో కాచుకొని కూర్చున్నవాళ్లున్నారు. ఎక్కడిదో పాత వీడియో తెచ్చి మన జిల్లాలో జరిగిందని మనవాడొకడు పెడితే, రేపు నిజంగా మన ఊళ్లో ఆడబిడ్డ మీద దాడి జరిగినప్పుడు "మొన్నటిలాంటిదే గదా" అంటారు. ఆ అబద్ధానికి వెల కట్టేది పోస్టు పెట్టినవాడు కాదు, ఆ ఆడబిడ్డ.

రెండో జవాబు ఇంకా లోతైనది. అబద్ధం ఎప్పటికీ బయటపడదనుకుందాం. అప్పుడైనా సరేనా? మనం బుద్ధుని దగ్గరికి ఎందుకొచ్చినమో గుర్తు చేసుకోవాలె. ఒకడు నోట్లోంచి పుట్టాడు, ఒకడు పాదాల్లోంచి పుట్టాడు అనే కథను మనం కాదన్నాం. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఏది రుజువు అని ఎవరూ అడగకుండా తరతరాలుగా ఫార్వర్డ్ అవుతూ వచ్చిన మెసేజ్ అది. కులం అనేది ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువ మందికి చేరిన ఫేక్ న్యూస్. దాన్ని తిరస్కరించి ధమ్మంలోకి వచ్చినవాడు, రుజువు లేని ఇంకో మెసేజ్‌ను "మనకు పనికొస్తుంది" అని ముందుకు నెట్టితే, తాను ఏది వదిలిపెట్టి వచ్చాడో దాన్నే మళ్లీ చేతికెత్తుకున్నట్టు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడను అన్నది ఒకటి. శత్రువుతో తప్ప అనే మినహాయింపు అందులో లేదు.

కాలామ సుత్తం కూడా ఇక్కడ మనకు దారి చూపుతుంది. పరంపరగా వస్తున్నదని, అందరూ చెప్తున్నారని, గురువు చెప్పాడని నమ్మొద్దని అది చెప్తుంది. దాన్ని మనం సాధారణంగా ఎదుటివాళ్ల మీద ప్రయోగిస్తాం. మన మీద కూడా ప్రయోగించుకోవాలె. "మన గ్రూపులో వచ్చింది", "మన అన్న పెట్టాడు" అన్నవి కూడా పరంపరే. బాబాసాహెబ్ ఫోటో కింద ఆయన ఎన్నడూ అనని మాటలు ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. ఆయన రచనలు, ప్రసంగాలు 1979 నుంచి సంపుటాలుగా అచ్చవుతున్నాయి. అన్ని వేల పేజీలు రాసిన మనిషికి మనం మాటలు కల్పించి పెట్టాల్సిన గతి లేదు.

మంచి మనసు ఒక్కటే చాలుతుందా? 2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే వాట్సాప్ మెసేజ్‌లు తెలంగాణ అంతటా పాకాయి. వాటిని పంపినవాళ్లలో చాలామంది తల్లులే, తండ్రులే. పిల్లల మీద ప్రేమతోనే పంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. అదే సమయంలో గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, పాటలతో, కళాకారులతో ఆ పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. కరుణ ఉన్నా సత్యం చూసుకోకపోతే చేతికి రక్తమంటుతుంది.

"మర్యాదగా మాట్లాడు" అనేవాళ్లకు

ఇంకో ఆక్షేపణ ఉంది, అది న్యాయమైనది. "సమ్మా వాచ అంటే మెత్తగా మాట్లాడమనే గదా? మనల్ని వెయ్యేళ్లు నోరెత్తకుండా చేసినోళ్లు కూడా అదే గదా చెప్పింది?" ఊరి దొర ముందు చెప్పులు విప్పి, తల వంచి, దండం పెట్టి మాట్లాడటాన్ని ఈ దేశం మర్యాద అన్నది. ధమ్మం చెప్పే మర్యాద అది కాదు.

అభయ రాజకుమారుడి సుత్తంలోనే దీనికి జవాబుంది. ఎదుటివాళ్లకు చేదుగా ఉండే మాట తథాగతుడు అంటాడా అని రాజకుమారుడు అడిగితే, అతని ఒళ్లో ఉన్న పసిబిడ్డను చూపి బుద్ధుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. ఈ బిడ్డ రాయో పుల్లో మింగితే ఏం చేస్తావు? రక్తం వచ్చినా సరే, వేలు పెట్టి తీసేస్తాను అంటాడు రాజకుమారుడు. ఎందుకంటే బిడ్డ మీద కరుణ. అంటే నొప్పించే మాట నిషిద్ధం కాదు. కులం పేరు పెట్టి నేరం చెప్పడం, దోషి పేరు చెప్పడం, అధికారిని నిలదీయడం ఫరుస వాచ కాదు. గొంతులో ఇరుక్కున్న రాయి తీయడం అది. రాయి తీసే వేలికీ గొంతు నులిమే చేతికీ తేడా మనసులో ఉంటుంది. కోపంతో ఎదుటివాడి తల్లిని తిట్టినప్పుడు రాయి బయటికి రాదు. తిట్టిన ఆ తల్లి ఈ గొడవలో ఎక్కడా లేదు.

కోపం ఎక్కడి దాకా తీసుకుపోతుందో మన నగరమే చూసింది. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. 'దిశ'గా ఆమెను పిలుచుకున్నాం. దేశమంతా రగిలింది, రగలడం న్యాయమే. కానీ నాలుగు రోజుల్లోనే సోషల్ మీడియా అంతా ఒకటే కేక: చంపెయ్యండి. డిసెంబరు 6న తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. ఫిల్మ్‌నగర్ నుంచి సినీ ప్రముఖులు ట్విట్టర్‌లో జేజేలు పలికారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది.

డిసెంబరు 6. రాజ్యాంగం రాసిన మనిషి పరినిబ్బాన దినం. ఆ రోజున విచారణ లేకుండా నలుగురిని చంపితే చప్పట్లు కొట్టిన చేతుల్లో మనవాళ్లవి కూడా ఉన్నాయి. వాళ్లు అమాయకులని నేననడం లేదు. అది తేల్చాల్సింది కోర్టు. చట్టం పక్కకు పెట్టే అధికారం పోలీసుకు మనమే లైకులు కొట్టి ఇస్తే, ఆ లాఠీ తర్వాత ఎవరి మీదికి వస్తుంది? 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో మరియమ్మ చనిపోయింది. దొంగతనం అనుమానం మీద తీసుకుపోయిన దళిత మహిళ, వంట చేసుకొని బతికే మనిషి. ఆమెకు కూడా విచారణ లేదు. ఆమె కోసం న్యాయం అడగాలంటే, చటాన్‌పల్లి గురించి కూడా అదే నియమం చెప్పగలగాలె. శీలం మనవాళ్లకొకటి, పరాయివాళ్లకొకటి అయితే అది శీలం కాదు, పార్టీ.

దెబ్బలు తిన్నవాడి వీడియో

2016 జులై 11న గుజరాత్‌లోని ఊనాలో, చనిపోయిన ఆవు తోలు తీస్తున్న మన సోదరులను కట్టేసి కొట్టారు. కొట్టినవాళ్లే వీడియో తీసి పెట్టారు. చూసి భయపడండి అని. ఆ వీడియోనే వాళ్లకు ఎదురు తిరిగింది. వేల మంది రోడ్డెక్కారు, చచ్చిన పశువులను ఎత్తేది లేదన్నారు. 2018 ఏప్రిల్‌లో ఆ బాధిత కుటుంబం బౌద్ధంలోకి వచ్చింది.

అందుకని ప్రతి దాడి వీడియోనూ వంద గ్రూపులకు పంపాలా? అక్కడ వీడియో సాక్ష్యం అయింది, వెంట ఉద్యమం నడిచింది. ఇయ్యాల మన గ్రూపుల్లో రోజూ ఒకటి వస్తుంది. చూస్తాం, పళ్లు నూరుతాం, ఒక ఎర్ర ముఖం బొమ్మ పెట్టి పక్కకు జరుపుతాం. ఎఫ్ఐఆర్ అయిందా, ఆసుపత్రికి ఎవరు తీసుకుపోయారు, పరిహారం వచ్చిందా అని అడిగేవాళ్లు ఉండరు. కొట్టినవాడు కోరుకున్నది ఆ అవమానం ఊరంతా చూడాలని. మనం ఏ పనీ చేయకుండా పంపితే అతని పని మనమే పూర్తి చేసినట్టు. ఆ దెబ్బలు తిన్న మనిషికి ఒక ముఖముంది, బడికి పోయే కూతురుంది. పంపే ముందు ఆ కూతురు ఫోన్లో ఈ వీడియో చూస్తున్నట్టు ఊహించుకోండి. అత్యాచార బాధితురాలి పేరు, ఫోటో బయటపెట్టడం ఎట్లాగూ చట్టప్రకారం నేరం.

మనల్ని కులం పేరుతో ఆన్‌లైన్‌లో తిడితే ఏం చేయాలి? తిరిగి తిట్టడం కంటే బలమైన దారి ఉంది. స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, టైము దాచుకోండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆన్‌లైన్ అవమానానికి కూడా వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. ఒక తిట్టుకు పది తిట్లు రాస్తే రెండు వైపులా కేసు చెల్లుకు చెల్లు అయిపోతుంది.

కౌలు పొలం, ఫ్యాన్ల రాజ్యం

మూకనాయక్ చిన్నదే, కానీ మనది. ఇయ్యాల మనం దున్నుతున్నది కౌలు పొలం. ఫేస్‌బుక్, యూట్యూబ్ యజమానులు కాలిఫోర్నియాలో ఉంటారు. మన కళ్లు ఎంతసేపు తెర మీదుంటే వాళ్లకు అంత ఆదాయం. శాంతంగా చెప్పిన మాట కంటే కోపంగా అరిచిన మాట దగ్గర కళ్లు ఎక్కువసేపు ఆగుతాయి. అందుకే అరుపునే పైకి తేలుస్తారు. మనం మన కోపం మనదే అనుకుంటాం. దాన్ని సాగు చేసి అమ్ముకునేవాడు వేరే ఉన్నాడు. రేపు ఖాతా మూసేస్తే ఏళ్ల కష్టం ఒక్క రాత్రిలో మాయం. కౌలుదారుకు ఆ భూమి మీద హక్కు ఎంతో, మనకూ అంతే.

ఇంకో ప్రమాదం మన పక్కనే ఉంది, ఫిల్మ్‌నగర్ కొండ మీద. హీరోల ఫ్యాన్లు ఒకరినొకరు తిట్టుకునే భాషే మెల్లగా రాజకీయాల భాష అయింది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన నకిలీ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంతంలో పట్టుకున్న యువకుడు ఎవరు? ఆమెకు ఫ్యాన్ పేజీ నడిపేవాడే. ఫాలోవర్లు పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానం ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో చూడండి. రాజకీయాల్లో భక్తి పతనానికి, నియంతృత్వానికి దారి తీస్తుందని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఆయన పేరుతో నడిచే పేజీలకు కూడా వర్తిస్తుంది. ఒక నాయకుణ్ని ప్రశ్నించిన మన చెల్లెలిని మన పిల్లలే గుంపుగా వెళ్లి కామెంట్లలో చీల్చితే, అది అంబేడ్కర్‌వాదం కాదు. ఫ్యాన్స్ అసోసియేషన్.

ఐదు ప్రశ్నలు

అంగుత్తర నికాయం మంచి మాటకు ఐదు లక్షణాలు చెప్తుంది. వాటిని మన వేలి కొసకు ఇట్ల తెచ్చుకోవచ్చు.

సమయమేనా? బాధితుడి కుటుంబానికి కబురు అందకముందే మనం పోస్టు పెడుతున్నామా? గొడవ ఎగసిన రాత్రి మన మాట నీళ్లవుతుందా, కిరసనాయిలవుతుందా?

నిజమేనా? ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు? ఆ ఊళ్లో మనవాళ్లకు ఒక ఫోన్ చేసి అడిగామా? తెలియకపోతే ఆగడం తప్పు కాదు. తప్పని తేలితే తీసేసి, తీసేశామని అదే గ్రూపులో చెప్పాలె.

మాట తీరు ఎట్లుంది? నేరాన్ని ఎంత గట్టిగానైనా అనండి. పుట్టుకను, శరీరాన్ని, ఇంటి ఆడవాళ్లను అనొద్దు. పుట్టుక మీద తిట్టడం ఎవరి అలవాటో మనకు తెలుసు.

మేలు ఉందా? పోస్టు చివర చదివినవాడు చేయగల పని ఒకటైనా ఉందా? ఏ స్టేషన్‌లో ఫిర్యాదు, ఎప్పుడు ధర్నా, ఎవరికి సాయం?

మనసులో మెత్త ఉందా? అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఎదుటివాణ్ని ప్రేమించమని కాదు. అతను మారగలడనే తలుపు మనం మూసేయలేదా అని. హింసతో కాక మనిషి మనసు మార్చడం ద్వారా సమాజం మార్చడమే బుద్ధుని మార్గమని, 'బుద్ధుడు, కారల్ మార్క్స్' వ్యాసంలో బాబాసాహెబ్ వాదించింది ఇదే.

ఐదూ అడిగితే ఆలస్యమవుతుంది, నిజమే. ఆ ఆలస్యంలో అబద్ధం పది ఊళ్లు తిరిగొస్తుంది, అదీ నిజమే. అందుకే ఒంటరిగా కాక కలిసి పని చేయాలె. ప్రతి బస్తీలో ఇద్దరు ముగ్గురు సరిచూసే పని మీద ఉండాలె, వాళ్లలో ఆడబిడ్డలు ఉండాలె. సరిచూసినది వేగంగా అందరూ పంచాలె. తెర మీద మొదలైనది వారంలోగా కాగితం మీదికి, కలెక్టరేట్ గుమ్మం దాకా పోవాలె. ఫాలోవర్ల లెక్క కంటే, పిలిస్తే వచ్చే మనుషుల ఫోన్ నెంబర్ల పుస్తకం విలువైనది.

రాహులుడికి చిన్నప్పుడు బుద్ధుడు నేర్పిన పాఠంతో ముగిస్తాను. పాత్రలో మిగిలిన కాసిని నీళ్లు చూపి, తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడిలో ఉన్న శ్రమణ గుణం ఇంతే అన్నాడు. ఆ నీళ్లు పారబోసి, పాత్ర బోర్లించి, మళ్లీ చూపాడు. నవ్వులాటకు కూడా అబద్ధం వద్దన్నాడు. మీమ్‌లు లేని కాలంలో చెప్పిన మాట. అద్దం దేనికి అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు పిల్లవాడు. అట్లాగే చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత చూసుకోమన్నాడు.

ఫోను ఆర్పేసినప్పుడు ఆ నల్లటి తెరలో మన ముఖమే కనిపిస్తుంది. రోజుకొక్కసారైనా ఆ అద్దం చూసుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.